కుళాయిలో తాపీ... అద్దాల తొట్టిలో అమెజాన్!

ఇంట్లో అక్వేరియం పెట్టుకోవాలనుకున్నవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. ఆ చేప ఏ నదిది, మన నీళ్లలో ఎలా బతుకుతుంది, పెద్దదయ్యాక ఎక్కడికి పోతుంది అని అడిగేవాళ్లు తక్కువ. మన నది చేపలతో, మన నది మొక్కలతో తొట్టి పెట్టుకుంటే ఆ మూడు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరుకుతుంది.

సూరత్‌లో సింగణ్‌పోర్ కాజ్‌వే దగ్గర నిలబడి ఎగువకు చూస్తే, ఏడాదిలో చాలా రోజులు తాపీ నీళ్లు కనపడవు. పచ్చటి ఆకులు దట్టంగా అల్లుకుపోయి, వాటి మధ్య లేత ఊదారంగు పూలగుత్తులు తలలెత్తి ఉంటాయి. నగరపాలక సంస్థ యంత్రం ఆ పచ్చదనంలోకి చొచ్చుకెళ్లి గుర్రపుడెక్కను పెళ్లగించి ఒడ్డుకు చేరుస్తుంది. నీళ్లోడుతున్న నల్లటి వేళ్ల కుచ్చులు కుప్పలుగా పడతాయి. ఇంత తోడినా, తెరిపిన పడ్డ చోట కొన్నాళ్లకే మళ్లీ అదే పచ్చదనం పరుచుకుంటుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దిగువన పాల్ ప్రాంతంలో, 2014లో తెరిచిన జగదీశ్‌చంద్రబోస్ మునిసిపల్ అక్వేరియం ఉంది. సెలవు రోజుల్లో పిల్లలు ఆ నీలి వెలుగులో అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోతారు. బయటికొచ్చాక ‘మనమూ ఒక తొట్టి కొందాం నాన్నా’ అనే పోరు మొదలవుతుంది.

ఈ రెండు దృశ్యాలకూ చుట్టరికం ఉంది. తాపీని కప్పేస్తున్న గుర్రపుడెక్క పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. పూలు బాగున్నాయని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ తోటల్లోకి తెచ్చారు. తోటల్లోంచి చెరువుల్లోకి, చెరువుల్లోంచి కాలువల్లోకి పాకి, ఈనాడు కొల్లేరు నుంచి తాపీ దాకా అది లేని నీళ్లు అరుదు. అందం కోసం ఎంచుకున్న ఒక మొక్క ఇంత పని చేసింది. ఇవాళ సూరత్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా అక్వేరియం దుకాణాల్లో పాలిథిన్ సంచుల్లో వేలాడుతున్న చేపల్లో, కుండీల్లో అమ్ముతున్న నీటి మొక్కల్లో అత్యధికం ఇలా ఖండాలు దాటి వచ్చినవే. అందువల్ల తొట్టిలోకి ఏ చేప, ఏ మొక్క అన్న ప్రశ్న ఇంటి అలంకరణ దగ్గర ఆగదు. అది ఊరి నీళ్లకు సంబంధించిన ప్రశ్న. ఆ ఎంపిక మన ఇంటి కుళాయి ఏ నదిదో అక్కడి నుంచి మొదలవ్వాలి.

నల్లరాతి మీద పారే నీళ్లు

తాపీ మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లా ముల్తాయ్ దగ్గర పుట్టి, మహారాష్ట్ర మీదుగా 724 కిలోమీటర్లు ప్రయాణించి సూరత్ దాటాక అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఆ దారిలో ఎక్కువ భాగం దక్కన్ పీఠభూమి నల్లరాయి, అంటే లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్. ఆ రాతిని, ఆ నల్లరేగడిని ఒరుసుకుంటూ వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నీరు కాస్త కఠినంగా, క్షార స్వభావంతో ఉంటుంది. ఉకాయ్ జలాశయం, కాక్రాపార్ ఆనకట్ట దాటి వచ్చిన ఈ నీళ్లే శుద్ధి అయి సూరత్ కుళాయిల్లోకి చేరతాయి. లింబాయత్‌లో ఒంటిగది ఇంట్లో ప్లాస్టిక్ బిందెలో పట్టుకున్నా, అఠ్వా వైపు అపార్ట్‌మెంట్‌లో ట్యాంకులోంచి వచ్చినా, అవి తాపీ నీళ్లే.

ఇప్పుడు దుకాణంలో ఎక్కువగా అమ్ముడయ్యే చేపలను చూడండి. నీలం, ఎరుపు గీతలతో మెరిసే నియాన్ టెట్రాది అమెజాన్ అడవి వాగు. రాలిన ఆకులు నానిన ఆ నీరు మెత్తగా, ఆమ్ల స్వభావంతో ఉంటుంది. పళ్లెంలా గుండ్రంగా ఉండే డిస్కస్‌కూ అలాంటి నీళ్లే కావాలి. గోల్డ్ ఫిష్ చైనాలో తరతరాలుగా పెంచిన చల్లటి నీళ్ల చేప. మే నెలలో పైకప్పు రేకులు కాగిపోయే ఇంట్లో, నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయి అది పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఈ చేపలను బతికించడానికి ఒకరు ఆర్‌వో నీళ్లు కలుపుతారు, ఒకరు హీటర్ పెడతారు, ఇంకొకరు ఐస్ ముక్కలు వేస్తారు. చేప చచ్చిపోతే పిల్లలు ఏడుస్తారు. మళ్లీ ఆదివారం కొత్త జత తెస్తారు. నీటికి తగ్గ చేపను ఎంచుకోకుండా, చేపకు తగ్గట్టు నీటిని మార్చాలనుకోవడమే ఈ తిప్పలన్నిటికీ మూలం. దక్కన్ వాగుల్లో పుట్టిన చేప ఎండాకాలం వేడినీ, డిసెంబరు చలినీ, కఠినమైన నీటినీ తరతరాలుగా చూసినది. దానికి హీటర్ అక్కర్లేదు. క్లోరిన్ పోయేలా ఒకరోజు బకెట్లో నిల్వ ఉంచిన కుళాయి నీళ్లు చాలు.

సూరత్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇందులో ఇంకో ఆనందం ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల మీద పనికి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు లింబాయత్, ఉధనా, డిండోలీ ప్రాంతాల్లో తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. తాపీ పడమటికి పారుతుంది, గోదావరి తూర్పుకు పారుతుంది. గోదావరి పుట్టిన త్ర్యంబకం కొండలు కూడా ఆ నల్లరాతివే. రెండు నదుల చిన్న చేపల్లో చాలా జాతులు ఒకటే. ఊళ్లో చెరువు తూము దగ్గర తువ్వాలు పరిచి తాతలు పట్టిన పరిగెలు, ఇసుకలో దూరే సన్నచేపలు తాపీ పాయల్లోనూ ఉన్నాయి. అమ్మమ్మ ఊరి చెరువులో ఏముండేదో సూరత్‌లో పుట్టిన పిల్లకు చూపించాలంటే నియాన్ టెట్రా పనికిరాదు, పరిగె పనికొస్తుంది.

> చేపలకు పేర్లు పెట్టినవాళ్లు
> మన చిన్న చేపల్లో చాలావాటికి శాస్త్రీయ నామం పెట్టినది ఫ్రాన్సిస్ హామిల్టన్. గంగానది చేపల మీద ఆయన పుస్తకం 1822లో వచ్చింది. మన పరిగెల్లో ఒకటైన టిక్టో, ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా చేప రెండూ ఆ పుస్తకం ద్వారానే లోకానికి తెలిశాయి. దక్కన్ చేపల గురించి సైనికాధికారి విలియం సైక్స్ 1839లో ప్రకటించారు. ఆ తర్వాత ఫ్రాన్సిస్ డే ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ 1875-78 మధ్య వెలువడింది. భారతీయ జంతు సర్వేక్షణ సంస్థకు నాయకత్వం వహించిన సుందర్‌లాల్ హోరా 1940లలో తాపీకి ఉత్తరాన ఉన్న సాత్పురా కొండలను చేపల వలస దారిగా ఊహించారు. అస్సాం వైపు కొండవాగు చేపలకు పోలికలున్నవి పడమటి కనుమల్లో ఎలా కనిపిస్తున్నాయన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అది. తర్వాతి శాస్త్రవేత్తలు దాన్ని గట్టిగానే ప్రశ్నించారు.

జాలిపడి వదిలేస్తే...

అక్వేరియంలో అద్దానికి అంటుకుని పాచి నాకే నల్లటి చేపను దుకాణంలో ‘సక్కర్ ఫిష్’ అంటారు. రెండంగుళాలున్నప్పుడు కొంటారు. తొట్టి శుభ్రం చేస్తుందని దుకాణదారు చెబుతాడు. అది రెండేళ్లలో జానెడు దాటుతుంది, ఇంకా పెరిగి అడుగు దాటుతుంది. తొట్టి చాలదు. చంపడానికి మనసొప్పదు, దుకాణంవాడు వెనక్కి తీసుకోడు. ఇంట్లో పెద్దవాళ్లు ‘పాపం, చెరువులో వదిలెయ్యండి, పుణ్యం వస్తుంది’ అంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప మన నీళ్లలోకి ఎక్కువగా చేరింది ఇలాంటి జాలి వల్లే. దాని ఒళ్లంతా గట్టి పలకల కవచం, రెక్కలకు ముళ్లు. కొంగ మింగలేదు, పెద్ద చేప మింగలేదు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాలర్లు దాన్ని దెయ్యపు చేప అంటున్నారు. వల వేస్తే కొర్రమీనుకు బదులు అదే పడుతుంది, ముళ్లకు వల చిరుగుతుంది, సంతలో కొనేవాడుండడు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కరిగి ఉన్న డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి వెతికితే, తూర్పు కనుమల్లో పరిశీలించిన జలాశయాల్లో దాదాపు 60 శాతంలో ఈ చేప ఉన్నట్లు తేలింది.

ప్రభుత్వాలు కూడా ఈ పొరపాటు చేశాయి. దోమ లార్వాను తింటుందని గంబూసియా చేపను 1928లో దేశంలోకి తెచ్చారు. ఆహారం కోసమని 1952లో మొజాంబిక్ తిలాపియాను తెచ్చారు. తిలాపియా ఇవాళ తాపీతో సహా ద్వీపకల్ప నదులన్నిటా పాతుకుపోయింది. గంబూసియా దోమపిల్లలతో పాటు ఇతర చేపల గుడ్లనూ, కప్పపిల్లలనూ వదలదు. దోమ లార్వా తినడానికి మన చెరువుల్లోనే తలపై మెరిసే చుక్కతో నీటి మట్టానికి ఆనుకుని తిరిగే పాంచాక్స్ చేపలు ఉండనే ఉన్నాయి. చూడటానికీ బాగుంటాయి.

ఈ దెబ్బ మనకు మాత్రమే తగిలిందనుకోకూడదు. మన చెరువుల్లో సహజంగా పెరిగే హైడ్రిల్లా నాచు 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరింది. అక్కడి సరస్సుల్ని, కాలువల్ని పూడ్చేసి, దాన్ని అదుపు చేయడానికి ఏటా కోట్ల డాలర్లు ఖర్చు పెట్టిస్తోంది. ఇక్కడ దాన్ని తినే పురుగులు, చేపలు, ఎండిపోయే వేసవి, కొట్టుకుపోయే వరద ఉన్నాయి, అందుకే అది హద్దులో ఉంటుంది. అక్కడ ఆ హద్దులేవీ లేవు. గుర్రపుడెక్క మన దగ్గర చేసినదే హైడ్రిల్లా వాళ్ల దగ్గర చేసింది. కాబట్టి ఏ జాతినీ మంచిదనో చెడ్డదనో విడిగా తేల్చలేం. ఏ నీటిలో ఉందన్నదే చూడాలి. అందుకే తొట్టికి ‘దేశీ చేప’ అన్న ముద్ర కూడా చాలదని వాదిస్తున్నాను. హనీ గౌరామి అచ్చమైన భారతీయ చేపే, కానీ గంగా బ్రహ్మపుత్రల చేప. తాపీ తొట్టిలో దానికి చోటు లేదు.

ఎవరికి చోటు?

ప్రాంతీయ అక్వేరియాలను ప్రపంచంలో ‘బయోటోప్’ అంటున్నారు. వీటికి జరిగే పోటీల్లో ‘ఆసియా నది’ అంటే ఒప్పుకోరు, ఏ నది, ఏ వాగు, ఎలాంటి చోటు అని రాసివ్వాలి. ఆ పట్టింపు మనకూ మంచిదే. తాపీ అంటే ఒకటే నీరు కాదు. ఎగువన రాళ్ల మీద దూకే వాగు, మధ్యలో జమ్ము పెరిగిన నిదానపు మడుగు, సింగణ్‌పోర్ దాటితే సముద్రపు పోటు తగిలే ఉప్పు కలిసిన నీరు. ఇంటి తొట్టికి మధ్యలోని మడుగే సరైనది. అక్కడ ప్రవాహం మెల్లగా ఉంటుంది, మొక్కలుంటాయి, చేపలు చిన్నవి. చిన్న ఫిల్టర్‌తో ఆ వాతావరణం తేవచ్చు.

మొదటి చోటు పరిగెది. అందులోనూ టిక్టో జాతిది. వెండిరంగు ఒంటి మీద రెండు నల్లచుక్కలు, ఒకటి మొప్ప వెనక, ఇంకోటి తోక మొదట్లో. దుకాణంలో తెల్లటి వెలుగు కింద, నీలి రంగు గులకల మీద ఈ చేపను పెడితే పాలిపోయి కనిపిస్తుంది. భయపడిన చేప రంగు చూపించదు. అడుగున ముదురు ఇసుక పరిచి, వెనక మొక్కలు నాటి, పది చేపల గుంపుగా వదిలితే కొన్ని వారాల్లో మగ చేపల వెన్ను రెక్కకు ఎర్రదనం ఎక్కుతుంది. ఒంటి పొలుసులు ఒక్కొక్కటీ అంచులతో సహా కనిపిస్తాయి. రెండు మగచేపలు రెక్కలు విచ్చుకుని ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, గాయాలేమీ కావు. ఆ తిరుగుడు చూసినవాళ్లు మన చేపలకు రంగు లేదని అనరు.

దానికి జోడు రాస్బోరా డానికోనియస్. ముక్కు నుంచి తోక దాకా ఒకే నల్లగీత, దాని పైన బంగారపు మెరుపు. నడిమి నీళ్లలో గుంపుగా ఈదుతుంది, పరిగెల జోలికి పోదు. అడుగు భాగానికి లెపిడోసెఫాలిక్తిస్ అనే చిన్న లోచ్ చేప. వేలెడంత ఉంటుంది, మూతి దగ్గర మీసాలు, ఒంటి మీద మరకలు. కలవరపడితే క్షణంలో ఇసుకలోకి దూరి కళ్లు మాత్రం పైకి పెడుతుంది. మొప్పలతో పాటు పేగుతోనూ గాలి పీల్చుకోగలదు. నీటిలో ఆక్సిజన్ తగ్గితే పైకి దూసుకొచ్చి గాలి గుక్క మింగి మళ్లీ అడుగుకు పోతుంది. ఎండాకాలం మడుగు కుంచించుకుపోయే దేశంలో పుట్టిన చేపకు ఉండాల్సిన విద్య అది. సన్నటి ఇసుక మాత్రం తప్పనిసరి, పదునైన గులకలు పెడితే దాని మీసాలు తెగిపోతాయి.

గాజు చేప గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పారంబాసిస్ రంగా అనే ఈ చేప ఒళ్లంతా పారదర్శకం. వెన్నెముక, పక్కటెముకలు, గాలితిత్తి బయటికే కనిపిస్తాయి. వెనక నుంచి వెలుతురు పడితే రెక్కల అంచున లేత నీలం మెరుస్తుంది. ఇంత అందాన్ని చాలదనుకుని, దాని చర్మం కింద సూదితో పచ్చరంగు, గులాబీరంగు ఎక్కించి ‘పెయింటెడ్ గ్లాస్ ఫిష్’ అని దేశదేశాల్లో అమ్మారు. ఆ రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. ఈలోగా సూది గాయాల వల్ల చాలా చేపలు జబ్బుపడి చస్తాయి. రంగు పూసిన ఏ చేపనూ, ఏ ధరకూ కొనకూడదు. గాజు చేపల్లోనే చందా నామా అనే మరో జాతి తోటి చేపల పొలుసులు కొరికి తింటుంది, కలిపి పెంచడానికి అది పనికిరాదు.

ఇక తినే ప్లేటులో మనకు ఇష్టమైన చేపలకు తొట్టిలో చోటు ఇవ్వకూడదు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, దాని పిల్లలు నారింజ రంగు చారలతో ముచ్చటగా ఉంటాయి. నాలుగు నెలలు తిరిగేసరికి తొట్టిలోని పరిగెలన్నీ దాని కడుపులో ఉంటాయి. వాలుగ మీటరుకు మించి పెరుగుతుంది. జెల్ల పగలు రాళ్ల సందున పడుకుని రాత్రి వేటాడుతుంది. బొమ్మిడాయికి పెద్ద తొట్టి, లోతైన ఇసుక, గట్టి మూత కావాలి. అవి లేకుండా తేవడం దానికి శిక్ష. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు చవకగా దొరుకుతాయి, కానీ అవి జలాశయాల చేపలు. అందులోనూ శీలావతి, ఎర్రమోసు ఉత్తరాది నదుల నుంచి తెచ్చి ద్వీపకల్పంలో వదిలినవి.

> మూడడుగుల తొట్టిలో
> మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉంటే దాదాపు వంద లీటర్లు పడతాయి. అందులో పది టిక్టో పరిగెలు, ఎనిమిది రాస్బోరాలు, ఐదు లోచ్‌లు సరిపోతాయి. గాజు చేపలు కావాలంటే రాస్బోరాల బదులు ఆరు పెట్టవచ్చు. అడుగున రెండంగుళాల సన్నటి ఇసుక, పైన నల్లరాళ్లు రెండు మూడు, ఒక ఎండు కొమ్మ. ఏటి ఒడ్డున పెరిగే ఏరుమద్ది ఎండాకులు నాలుగైదు కడిగి వేస్తే నీటికి లేత తేనెరంగు వస్తుంది. రోజుకు ఎనిమిది గంటల వెలుతురు, వారానికి నాలుగో వంతు నీటి మార్పిడి. నెలకోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి కడిగే అలవాటు చాలామందికి ఉంది. చేపల వ్యర్థాల్లోని అమోనియాను విరిచే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే ఉంటుంది. దాన్ని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాలి.

మొక్కలే తొట్టికి ప్రాణం

చేపల కన్నా ముందు ఎంచుకోవలసింది మొక్కలను. ఈ విషయంలో మన ప్రాంతం చాలా సంపన్నమైనది. రిబ్బను ఆకుల వాలిస్నేరియా నిదానపు కాలువల్లో వరుసగా పెరుగుతుంది. ఎరువులూ ప్రత్యేక దీపాలూ అడగదు. దాని పూత చూసి తీరాలి. ఆడపువ్వు చుట్టలు తిరిగిన సన్నటి కాడ మీద నీటి మట్టం దాకా వస్తుంది. మగపూలు అడుగున మొక్క నుంచి తెగి, పైకి తేలి, గాలికి కొట్టుకుపోయి ఆడపువ్వును చేరతాయి. కాయ కట్టాక ఆ కాడ మళ్లీ చుట్టుకుని కాయను నీటి అడుక్కి లాక్కుంటుంది. కఠినమైన నీరంటే వాలిస్నేరియాకు ఇష్టం కూడా, అందుకే తాపీ నీళ్లలో కుదురుగా పెరుగుతుంది.

వెనక వరుసకు హైడ్రిల్లా, సెరటోఫిల్లం. రెండూ అమోనియా, నైట్రేట్లు గుంజుకుని నీటిని తేటగా ఉంచుతాయి, వారానికోసారి కత్తిరించాలి. నడుమ లిమ్నోఫిలా, వరిపొలాల గట్లమీద ఎర్రటి కాడతో కనిపించే రొటాలా. ముందు వరుసకు మనవాళ్లు జ్ఞాపకశక్తికి మందుగా వాడే బ్రాహ్మి, అంటే బకోపా మోనియెరి. నీటిలో ముంచి పెంచినా బతుకుతుంది. ద్వీపకల్పపు రాతివాగుల్లో పెరిగే క్రిప్టోకోరైన్ రెట్రోస్పైరాలిస్ దొరికితే అది తొట్టికే నగ. వానాకాలం మునిగి ఉండి, నీరు తగ్గాక పూసే మొక్క. అయితే వాగుల్లోంచి పెకలించి తేవద్దు, పెంచి అమ్మేవాళ్ల దగ్గరే కొనాలి.

కత్తిరించిన ముక్కలు ఎక్కడికి పోతున్నాయన్నదీ ముఖ్యమే. స్థానిక మొక్కే కదా అని కాలువలో పారేయకూడదు. ఒక తొట్టి నీళ్లలో నత్తలు, చేపల రోగాల సూక్ష్మజీవులు ఉండవచ్చు. ముక్కలను ఎండబెట్టి పూలకుండీలో వేస్తే ఎరువవుతుంది. నీళ్లు మొక్కలకు పోయవచ్చు.

‘బాగానే ఉంది గానీ...’

ఈ మాటకు అడ్డు చెప్పేవాళ్ల వాదనల్లో అన్నిటికన్నా బలమైనది చేపలను ప్రేమించేవాళ్ల నుంచే వస్తుంది. స్థానిక చేపలకు గిరాకీ పెరిగితే వాగులన్నీ ఊడ్చేస్తారు కదా? ఇది ఊహించి పెట్టుకున్న భయం కాదు, జరిగిన కథే. కేరళ వాగుల్లో ఉండే డెనిసన్ బార్బ్‌ను వ్యాపారులు ‘మిస్ కేరళ’ అంటారు. 1990ల చివరి నుంచి విదేశీ గిరాకీ విపరీతంగా పెరిగి, అడవి వాగుల్లోంచి దాన్ని లెక్కా పత్రం లేకుండా తోడేశారు. ఇవాళ అది అంతరించే ప్రమాదమున్న జాతి, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని రక్షిత జాబితాలో చేర్చింది. ఈ అనుభవం చెప్పేది ఒకటే. ఎక్కడ పడితే అక్కడ దొరికే, త్వరగా పిల్లలు పెట్టే సాధారణ జాతులతోనే ప్రాంతీయ తొట్టి నింపాలి. అరుదైన చేపను వెతుక్కుంటూ అడవిలోకి పోకూడదు, రక్షిత ప్రాంతాల్లో వల వేయకూడదు, మహశీర్ లాంటి చేపల పిల్లలను ముట్టుకోకూడదు. డెనిసన్ బార్బ్ ఒక చిన్న ప్రాంతపు కొండవాగుల్లో మాత్రమే ఉండేది. టిక్టో దేశంలో చాలా చెరువులలో ఉంది. అన్నిటికన్నా మేలైన దారి పెంచి అమ్మడం.

పెంచడం కుదురుతుందా అంటే, పరిగెల విషయంలో సులువుగా కుదురుతుంది. ఇవి మొక్కల మధ్య గుడ్లు చల్లే చేపలు. తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయి కాబట్టి అడుగున వల పరిస్తే చాలు, గుడ్లు కిందికి జారిపోతాయి. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. చెన్నైలో కొళత్తూరు చుట్టుపక్కల, కోల్‌కతా పరిసరాల్లో వేల కుటుంబాలు సిమెంటు తొట్లలో గప్పీలు, మోలీలు, టెట్రాలు పెంచి బతుకుతున్నాయి. టెట్రా గుడ్లు పొదిగించగలిగిన చేతులకు పరిగె పెద్ద లెక్కకాదు. వాళ్ల జీవనోపాధి దెబ్బతింటుందన్న అభ్యంతరానికి కూడా ఇదే నా జవాబు. తొట్లూ ఉంటాయి, పనితనమూ ఉంటుంది, మారేది చేప మాత్రమే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల పెంపకానికి కూడా సాయం ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు రాయితీ 60 శాతం దాకా వస్తుంది. మగవాళ్లు సూరత్ మగ్గాల మీద ఉంటే ఊళ్లో ఉండిపోయిన తెలంగాణ మహిళలకు, బావి నీళ్లున్న పెరట్లో ఇది చేయదగిన పని.

దుకాణంలో దొరకవు కదా అన్నది మూడో మాట. నిజమే, ఇప్పటికి దొరకవు. కొనేవాళ్లు అడగనిది దుకాణదారు తెప్పించడు. ముంబయి కుర్లా మార్కెట్ నుంచి వారం వారం సూరత్ లాంటి నగరాలకు చేపలు దిగుమతి చేసుకునే వ్యాపారికి, నలుగురు వచ్చి టిక్టో అడిగితే తెప్పించడం కష్టం కాదు. బెంగాల్ వ్యాపారులు మన చిన్న చేపలను దశాబ్దాలుగా విదేశాలకు పంపుతున్నారు. యూరప్‌లో ఇంటి తొట్లలో ఈదే చేప మన వీధి దుకాణంలో లేకపోవడానికి కారణం మన చిన్నచూపు తప్ప ఇంకోటి లేదు.

మరి ఇవాళ్టి తాపీలో తిలాపియా కూడా ఉంది కదా, నిజాయతీగా నదిని చూపించాలంటే దాన్నీ పెట్టాలి కదా అని వాదించేవాళ్లున్నారు. ఆలోచించాల్సిన మాటే. మ్యూజియంలో అలాంటి తొట్టి ఒకటి ఉండాలి, నదికి ఏమైందో పిల్లలకు తెలియాలి. ఇంట్లో మాత్రం వద్దు. తిలాపియా దూకుడుకు పరిగెలు నిలవవు. పైగా ఇంటి తొట్టిలో పెట్టుకునేది మనం కాపాడదలచుకున్న నదిని. ఒక్క తొట్టి వల్ల నది బాగుపడదన్నదీ నిజమే. వ్యర్థాలు కలవడం, ఇసుక తవ్వకం, ఆనకట్టలు చేసిన నష్టం ముందు ఇది చిన్నది. సింగణ్‌పోర్ అడ్డుకట్ట వద్ద ఎగువకు ఎక్కలేకపోయే చేపకు మన ఇంటి తొట్టి ఏ సాయమూ చేయలేదు. కానీ తన నదిలో ఏ చేప ఉండేదో తెలిసిన పిల్ల, రేపు ఆ చేప కనపడకపోతే ఎందుకని అడుగుతుంది. పేరే తెలియని చేప పోతే ఎవరూ అడగరు.

> తాపీ నుంచి గోదావరికి వద్దు
> సెలవులకు ఊరెళ్తూ సూరత్‌లో పెంచిన పరిగెలను ఊరి చెరువులో వదలకూడదు, ఊరి చేపలను తెచ్చి తాపీలో వదలకూడదు. జాతి ఒకటైనా వేర్వేరు నదుల్లో వేల ఏళ్లుగా విడిగా ఎదిగిన వంశాలవి, కలిస్తే ఆ తేడా చెరిగిపోతుంది. తొట్టిలో పుట్టిన పిల్లలు ఎక్కువైతే మరో పెంపకందారుకు ఇవ్వాలి. ఇప్పటికే ఇంట్లో సక్కర్ ఫిష్ పెద్దదై ఉంటే పెద్ద తొట్టి ఉన్నవారికి అప్పగించాలి. అలాంటివారు దొరక్కపోతే పశువైద్యుడిని అడిగి నొప్పి లేకుండా దాని ప్రాణం తీయించడం, చెరువులో వదలడం కన్నా మంచి పని.

బడిలో ఒక తొట్టి

సూరత్ నగరపాలక సంస్థ చేతిలో ఇప్పటికే ఒక పెద్ద అక్వేరియం, దాన్ని నడిపే నిపుణులు, గుజరాతీ నుంచి తెలుగు దాకా పలు మాధ్యమాల బడులు ఉన్నాయి. ఒక్కో బడికి వంద లీటర్ల తాపీ తొట్టి ఇచ్చి, పక్కన పలక మీద పరిగె, లోచ్, వాలిస్నేరియా పేర్లు ఆ బడి భాషలో రాయిస్తే పాఠ్యపుస్తకం చెప్పలేనివి చాలా తెలుస్తాయి. ఖర్చు తొట్టికీ, దీపానికీ, చిన్న ఫిల్టర్‌కీ. ఇసుక, రాళ్లు, ఏరుమద్ది ఆకులకు డబ్బు అక్కర్లేదు. హీటర్ లేదు, ఆర్‌వో యంత్రం లేదు. పరిగెకు మేత కూడా సులువే, దుకాణంలో దొరికే సన్నటి గుళికలు, వారానికి రెండుసార్లు ఉడికించి చిదిమిన పాలకూర. కావాలంటే అప్పుడప్పుడూ దోమ లార్వా.

ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఆగస్టు అనువైన కాలం. ఇసుక పరిచి, మొక్కలు నాటి, నీళ్లు నింపి, ఫిల్టర్ తిప్పుతూ ఆరు వారాలు చేపలు లేకుండా ఉంచాలి. మొదటి రెండు వారాలు నీరు మసకగా ఉంటుంది, మొక్కల పాత ఆకులు కొన్ని కుళ్లి రాలతాయి. అది చూసి తొట్టి కడిగేయవద్దు, రాలిన ఆకులు తీసేస్తే చాలు. కొత్త చిగుళ్లు వచ్చి, నీరు తేటపడి, అమోనియా పరీక్షలో సున్నా చూపించాక చేపలు తేవచ్చు. అప్పటికి వానలు తగ్గి, నదిలో చేపలు గుడ్లు పెట్టే కాలం ముగిసి ఉంటుంది. ముందు ఐదు పరిగెలు, రెండు వారాలు ఆగి మిగతా ఐదు, ఆ తర్వాత రాస్బోరాలు, చివరగా ఇసుక కుదురుకున్నాక లోచ్‌లు.